బొమ్మల పుస్తకంలో మదనపల్లె

ధౌలా కువాన్ తెలుగు కుటుంబాల వారు పిల్లలకు ‘జనగణమన’ పుట్టుక తెలిపే బొమ్మల పుస్తకం కొనేటప్పుడు రెండు పుటలు వెదకవలెను.

మొదటిది 1911 డిసెంబరు 27, కలకత్తా కాంగ్రెసు సభ. ఆనాడే ఐదవ జార్జికి స్వాగతంగా వేరొక హిందీ పాట కూడ పాడినారు. కొన్ని పత్రికలు రెండింటిని కలగలిపినవి. ఆ అపవాదును రవీంద్రులు 1937లో స్వయంగా ఖండించినారు. అయినను నేటికీ అది పిల్లల చెవిని పడుతూనే ఉన్నది!

రెండవది మన మదనపల్లె. 1919 ఫిబ్రవరిలో అక్కడి థియొసాఫికల్ కళాశాలలో విడిది చేసిన కవి గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించినారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ దానికి స్వరలిపి కూర్చినారు. చిత్రకారునికి ఇంతకంటె చక్కని దృశ్యమేమున్నది? 1911 నుండి 1950 జనవరి 24కు ఒక్క గెంతున పోయే పుస్తకం, నా దృష్టిలో, అసంపూర్ణమే. అటువంటిదే దొరికినచో నడుమ ఒక తెల్లకాగితం అంటించి, ఆ బొమ్మను పిల్లల చేతనే వేయించండి.