నొప్పి లేని జబ్బుకు డోలీ ఎవరు కడతారు?

పురిటి నొప్పులొస్తే అరకు, పాడేరు కొండల్లో స్త్రీని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. ఆ ఫొటో పత్రికలో చూసి మనం సిగ్గుపడతాం, కోపం తెచ్చుకుంటాం. కానీ నొప్పి పెట్టని, మంచాన పడెయ్యని జబ్బుకు డోలీ ఎవరు కడతారు?

నీటికాసులు చాలావరకు అలాంటి జబ్బే. డాక్టర్లు గ్లాకోమా అంటారు. కంటి నుంచి మెదడుకు చూపును చేరవేసే నరంలో పది లక్షల దాకా సన్నని పోగులుంటాయి. కంట్లో ఒత్తిడి పెరిగి, కొందరిలో పెరగకుండానే, ఆ పోగులు మెల్లమెల్లగా చచ్చిపోతాయి. ముందు పక్కచూపు పోతుంది. ఎదుటి చూపు చాలాకాలం నిలుస్తుంది. అందుకే ఆమె పొయ్యి వెలిగిస్తూనే ఉంటుంది, చోడి చేలో కలుపు తీస్తూనే ఉంటుంది, కాఫీ పళ్ళు కోస్తూనే ఉంటుంది. గట్టు మీద కాలు తప్పి పడితే వయసు మీద పడిందంటారు. ఆమే అలా అనుకుంటుంది. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు తిరిగొస్తుంది. చచ్చిన నరం తిరిగి రాదు. ఒత్తిడి తగ్గించి మిగిలిన చూపును కాపాడుకోవడం ఒక్కటే దారి.

ఆ నరం ఎందుకు చస్తుందో, మళ్ళీ ఎలా మొలిపించాలో తెలుసుకోడానికి ఎందరో శాస్త్రజ్ఞులు ప్రయోగశాలల్లో జీవితాలు ధారపోస్తున్నారు. అది కావలసిందే. అయితే ఎవరి కన్ను ఎవరూ చూడలేదో వెతకడం కూడా శాస్త్రమే. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో లలిత్ దండోనా, రాఖీ దండోనా బృందం 1996-2000 మధ్య చేసింది ఆ పనే. ఆస్పత్రికి వచ్చినవాళ్ళతో సరిపెట్టుకోకుండా జనంలోంచి 10,293 మందిని పరీక్షించారు. హైదరాబాదు నగరంలో ఎక్కువగా కనిపించే రకం నీటికాసులున్న వాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా తమకు ఆ జబ్బుందనే తెలియదు. రాష్ట్రంలో అంధత్వం స్త్రీలలో, పేదల్లో, పల్లెల్లో ఎక్కువని తేలింది.

పెద్దాస్పత్రులున్న నగరంలోనే అలా ఉంటే కొండల మీద సంగతేమిటి? ఆ అధ్యయనం హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో జరిగింది. విశాఖ మన్యం అందులో లేదు. మన్యం స్త్రీ కన్ను ఆ లెక్కలోకి రాలేదు.

ఇది వైద్యం సమస్య మాత్రమే కాదు. మగవాడి చూపు తగ్గితే కూలి తగ్గుతుంది, ఇంటికి తెలుస్తుంది. ఆడదాని చూపు తగ్గినా వంట ఆగదు, నీళ్ళు మొయ్యడం ఆగదు. తడుముకుంటూ చేస్తుంది. పని ఆగేదాకా ఆమె జబ్బు జబ్బు కాదు. పైగా కంట్లో నీరు పోయే దారి మూసుకుపోయే రకం స్త్రీలలోనే ఎక్కువ.

కాబట్టి మనం అడగవలసినవి కొన్నున్నాయి. సంతరోజున కొండ దిగి వచ్చే నలభై దాటిన ప్రతి స్త్రీకి కంటి ఒత్తిడితో పాటు కంటి నరం కూడా చూడాలి. జీవితాంతం వెయ్యవలసిన చుక్కల మందు కోసం ఆమెను నెలనెలా వంద కిలోమీటర్లకు పైగా విశాఖకు తిప్పకుండా, దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాలి. ఎందుకు వెయ్యాలో కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో చెప్పే మనిషి ఉండాలి. పరీక్షల లెక్కల్లో స్త్రీల సంఖ్య విడిగా చూపాలి.

నరాన్ని మొలిపించే మందు ఎప్పుడొస్తుందో గాని, ఉన్న నరాన్ని చూసే దీపం ఇప్పటికే ఉంది. దాన్ని కొండ ఎక్కించడానికి ఇంకో పరిశోధన అక్కర్లేదు.