కదిలే కన్నుకు అందిన వేగం

‘గడ్డం ఇక్కడ ఆనించండి. లోపల కనిపించే గుర్తునే చూడండి. రెప్ప వేయకండి’. కంటి ఆసుపత్రిలో ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) స్కాన్ తీయించుకున్నవారికి ఈ మాటలు గుర్తుండే ఉంటాయి. కొద్ది సెకన్లలో పని అయిపోతుంది. దాదాపు పావు మిల్లీమీటరు మందముండే రెటీనా పొరలు పొరలుగా తెర మీదికొస్తుంది. కోత లేదు, నొప్పి లేదు.

అమెరికాలోని ఎంఐటీకి చెందిన జేమ్స్ ఫుజిమోటో, డేవిడ్ హువాంగ్, ఎరిక్ స్వాన్సన్ తదితరుల బృందం 1991లో ఈ పద్ధతిని ‘సైన్స్’ పత్రికలో వెల్లడించింది. అల్ట్రాసౌండ్‌లో శబ్దం చేసే పనిని ఇక్కడ కాంతి చేస్తుంది. చిక్కల్లా కాంతి వేగంతోనే. ఒక పొర నుంచి, దాని కింది పొర నుంచి తిరిగొచ్చే కాంతి మధ్య తేడాను ఏ ఎలక్ట్రానిక్ గడియారమూ నేరుగా కొలవలేదు. అందుకే కంటి నుంచి వచ్చిన కాంతిని యంత్రంలోని అద్దం మీంచి వచ్చిన కాంతితో కలిపి, ఆ రెండింటి వ్యతికరణం నుంచి లోతును రాబట్టారు.

తొలి యంత్రాల్లో లోతును కొలవడానికి ఆ అద్దం ముందుకూ వెనక్కూ కదలాల్సి వచ్చేది. ఒక్కో చోట లోతు వెంట చదివే గీతలు సెకనుకు మహా అయితే 400 అందేవి. 512 గీతలతో ఒక్క అడ్డుకోత చిత్రం కావాలంటే 1.28 సెకన్లు. మనం ఎంత నిలకడగా చూస్తున్నామనుకున్నా కన్ను సన్నగా కదులుతూనే ఉంటుంది, దాంతో చిత్రం చెదిరిపోయేది. అద్దాన్ని కదపకుండా, తిరిగొచ్చిన కాంతిని రంగులుగా విడదీసి లోతులన్నిటినీ ఒకేసారి చదివే పద్ధతి వచ్చాక లెక్క మారింది. పోలండ్‌లోని తోరున్ పరిశోధకులు 2002లో మనిషి రెటీనాను అలా చూపించారు. ఆ తరం యంత్రాలు సెకనుకు 27,000 గీతలు చదివి, 128 అడ్డుకోతల దిమ్మెను 2.4 సెకన్లలో ఇచ్చాయి. ప్రాణమున్న శరీరంలో స్పష్టత కావాలంటే వేగం తప్పనిసరి. నా దృష్టిలో ఓసీటీ చరిత్ర చెప్పే అసలు సంగతి ఇదే. ఈ వేగం వల్లే ఒకే చోటును వెంటవెంటనే స్కాన్ చేసి, కదిలే రక్తకణాల ఆధారంగా సన్నని రక్తనాళాలను గీయగలుగుతున్నారు. అందుకు నరంలోకి రంగు మందు ఎక్కించాల్సిన పనే లేదు.

ఈ స్కాన్ అవసరం మధుమేహుల్లో బాగా కనిపిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మనదేశంలో మధుమేహులు 10.1 కోట్లు. వారిలో కొందరికి రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరి చూపు మసకబారుతుంది. మామూలు ఫండస్ ఫొటో రెటీనాను ఎదుటి నుంచి చూపిస్తుందే తప్ప అది ఎంత ఉబ్బిందో కొలిచి చెప్పలేదు. ఓసీటీ చెబుతుంది, అదీ మైక్రాన్లలో. ఆ వాపు తగ్గడానికి కంట్లోకి ఇచ్చిన ఇంజెక్షన్ పనిచేసిందా, మళ్లీ వేయాలా అన్నది తేల్చడంలో డాక్టరుకు ఆ కొలతే పెద్ద ఆధారం.

అలాంటి కొలత కోసం ఊళ్లోని రోగి నెలనెలా కూలి పోగొట్టుకుని, తోడు ఒకరిని వెంటబెట్టుకుని నగరానికి రావాల్సి వస్తే మధ్యలోనే మానేస్తాడు. వైద్యం ఆగితే పోయిన చూపు తిరిగి రావడం కష్టం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఓసీటీ, దాన్ని నడిపే టెక్నీషియన్, ఆ చిత్రాన్ని అదే రోజు చూసే రెటీనా వైద్యుడు ఉండాలి. వైద్యుడు దూరంగా ఉన్నా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఇంజెక్షన్ మాత్రం ఆ జిల్లా ఆసుపత్రిలోనే దొరకాలి.