సినిమా పొగకు హెచ్చరిక ఉంది, క్రికెట్ యాలకులకు లేదు



డెబ్బై దాటిన వయస్సులో కూడా ఐపీఎల్ కోసం నిద్ర చెడగొట్టుకునేవాణ్ణి నేను. కనుక ఇది ఆటను ద్వేషించే ముసలివాని సణుగుడు అనుకోవద్దని మనవి.

వేసవి వస్తే చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల్లో తునికాకు సేకరణ మొదలవుతుంది. తెల్లవారకముందే అడవికి వెళ్లి, ఏబై ఆకులకొక కట్ట చొప్పున కట్టి కల్లానికి చేరుస్తారు. ఆ ఆకు బీడీగా మారి ఎన్ని ఊపిరితిత్తులను తినివేస్తుందో చెప్పడం నా వృత్తిధర్మం. అయినా ఎండలో ఆకు కోసే తల్లిని నేనెన్నడూ నిందించలేదు. ఆమెకు ఆ రోజుల్లో దొరికే రొక్కం అదే. నా కోపం వేరొకరి మీద. సరిగ్గా అవే వారాలలో, పగలంతా ఆకు మోసిన కుర్రవాళ్లు రాత్రి ఒక ఫోను చుట్టూ మూగి మ్యాచ్ చూస్తారు. మ్యాచ్‌కు నాలుగు వ్యూహాత్మక విరామాలు, ఒక్కొక్కటి రెండున్నర నిమిషాలు. ఆటగాళ్ల వ్యూహం మాటేమో గాని, ప్రకటనదారుల వ్యూహం మాత్రం ఆ నిమిషాలలో నిండుగా కనబడుతుంది.

రెండేళ్ల క్రితం ఒక ఉచిత వైద్య శిబిరానికి ఇరవై రెండేళ్ల కోయ యువకుడు వచ్చాడు. కారం తగిలితే నోరు మండుతోందన్నాడు. నోరు తెరవమన్నాను. ఆరోగ్యవంతుని నోట్లో అతని మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. ఇతనికి రెండు వేళ్లు కూడా పట్టలేదు. బుగ్గల లోపలి పొర తెల్లగా పాలిపోయి, ముట్టుకుంటే తోలులా బిగుసుకుని ఉంది. “పొగాకు ముట్టను సారూ. వట్టి మసాలానే. పెద్ద పెద్ద ఆటగాళ్లే టీవీలో చెబుతున్నారు గదా!” అన్నాడు.

ఆ జబ్బును సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. దానికి ప్రధాన కారణం వక్క. పొగాకు కలవకపోయినా సరే, వక్క మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఒకసారి బిగుసుకున్న పొర మళ్లీ పూర్వంలా మెత్తబడదు. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది.

ప్రకటనలో చూపేది యాలకులే గదా, తప్పేమిటని మీరు అడగవచ్చు. మీ వీధి చివరి కొట్టుకు వెళ్లి ఆ పేరు చెప్పి చూడండి. మీ చేతిలో యాలకులు పెడతాడో, మసాలా పొట్లం పెడతాడో మీకే తెలుస్తుంది. పాన్ మసాలా పొట్లం మీద ‘ఆరోగ్యానికి హానికరం’ అని అచ్చువేయక తప్పదు. అదే పేరుతో యాలకుల పొట్లం చూపిస్తే ఆ గొడవ లేదు. 2023లో కపిల్ దేవ్, గవాస్కర్, సెహ్వాగ్ వంటివారు ఇటువంటి ప్రకటనలో కనబడ్డారు. తోటి ఆటగాడు గౌతమ్ గంభీరే దానిని బాహాటంగా తప్పుపట్టాడు. 1983లో కప్పు ఎత్తిన చేతులను చూసి కన్నీళ్లు పెట్టుకున్న తరం మాది. మా బాధ ఎవరికి చెప్పుకోవాలి?

సినిమా సంగతి చూడండి. 2012 అక్టోబరు 2 నుంచి తెర మీద ఎవరు సిగరెట్టు వెలిగించినా అడుగున హెచ్చరిక పడవలసిందే. 2019 ఏప్రిల్‌లో రెండు వారాల తేడాతో రెండు క్రికెట్ సినిమాలు వచ్చాయి. ‘మజిలీ’లో ఆట దూరమైన కథానాయకుడు తాగుడుకు, పొగకు లోనవుతాడు. ‘జెర్సీ’లో గుండె లయ తప్పే జబ్బున్న ఆటగాడు, అది తెలిసీ మైదానంలోకి దిగి ప్రాణం పోగొట్టుకుంటాడు. (రెండవది చూసి నేనూ ఏడ్చాను. కానీ గుండె దడ ఉన్న పిల్లలు దానిని ఆదర్శంగా తీసుకోవద్దు. ముందు ఈసీజీ తీయించుకోండి.) కల్పిత పాత్ర పీల్చే పొగకే హెచ్చరిక వేసే దేశంలో, నిజమైన ఆటగాడు నిజమైన మ్యాచ్ నడుమ మసాలా పేరు పలికితే ఏ హెచ్చరికా లేదు. ఇది ఏ రకం న్యాయం?

ఇది నేటి రోగమూ కాదు. 1996 ప్రపంచ కప్పు పేరే విల్స్ కప్పు. ఆ దశాబ్దంలో మన జట్టు చొక్కాల మీద ఉన్నదీ ఆ సిగరెట్టు పేరే. ఆ కంపెనీ కాగితపు మిల్లు మా భద్రాచలం ఎదుట, గోదావరి అవతల సారపాకలో ఉంది. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. అన్నం పెట్టిన మాట నిజమే, అంతమాత్రాన ఆటగాని చొక్కా మీద సిగరెట్టు ఒప్పవుతుందా? 2003 చట్టంతో పొగాకు ప్రకటనలకు నిషేధం వచ్చింది. పేరు మార్చుకుని యాలకులు వచ్చాయి. 2022లో కేంద్రం ముసుగు ప్రకటనలు కూడదని మార్గదర్శకాలు వెలువరించింది. 2025 మార్చిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ స్వయంగా ఐపీఎల్ చైర్మన్‌కు లేఖ రాయవలసి వచ్చింది. కొరత చట్టానిది కాదు, సిగ్గుది.

కాదనగలవారు లేరా? ఉన్నారు. సచిన్ టెండూల్కర్ తండ్రికిచ్చిన మాటకు కట్టుబడి పొగాకు ప్రకటనలు చేయలేదు. మన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక శీతలపానీయం కంపెనీ ఇవ్వజూపిన డబ్బును వద్దన్నాడు. అప్పటికి అతను కోటీశ్వరుడు కాడు. 2025 ఫిబ్రవరి 2న మా భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష అండర్-19 ప్రపంచ కప్పు ఫైనల్‌లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచినప్పుడు, ఈ ఊరివాణ్ణయినందుకు గర్వపడ్డాను. ఆ అమ్మాయి దగ్గరకూ రేపు ఏదో ఒక పొట్లం పట్టుకుని ఎవరో వస్తారు. ఆనాడు ఆమెకు గోపీచంద్ గుర్తుకురావాలని కోరుకుంటున్నాను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. పాన్ మసాలా పేరున్న ఏ ప్రకటనకైనా, లోపల యాలకులున్నా, సోంపు ఉన్నా, సినిమాలోలాగే తెర అడుగున తెలుగులో హెచ్చరిక వేయాలి. అటువంటి ప్రకటన కనబడితే 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి.

ఈ రాత్రి మ్యాచ్ విరామంలో ఇంకొక పని చేయండి. మీ ఇంట్లో వక్కపొడి నమిలే కుర్రవాడుంటే, మూడు వేళ్లు కలిపి నిలువుగా నోట్లో పెట్టుకోమనండి. పట్టకపోతే తెల్లవారగానే దంతవైద్యుని వద్దకు తీసుకుపొండి.