పడితే ఏం చేయాలో మన ఆడపిల్లలకు ఎవరు చెప్పారు?

పోయిన జనవరిలో ఫ్లెమింగో పండగకని సూళ్ళూరుపేట వెళ్ళాం. నేలపట్టులో పక్షులు చూసుకుని, తడ దగ్గర బి.వి.పాళెంలో పడవ ఎక్కాం. పడవతను అందరికీ ఆరంజి రంగు లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. తొడుక్కున్నాను గానీ బకిళ్ళు పెట్టుకోలేదు. కొత్త వెంకటగిరి చీర, నలిగిపోతుందని. ఫోటోలో బాగుండదని కూడా, నిజం చెప్పాలంటే. మా పాపకు 14 ఏళ్ళు. "అమ్మా, బకిల్ పెట్టుకో" అని రెండుసార్లు చెప్పింది. "ఈ పులికాట్ నీళ్ళకేనా, లేచి నిలబడితే నడుము దాకా రావు" అని నవ్వేశాను. మా ఆయనా నవ్వారు.

వారం తర్వాత అది నన్ను సోఫాలో కూర్చోబెట్టి 'తారిణి' డాక్యుమెంటరీ చూపించింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన నౌకాదళంలోని ఆరుగురు అమ్మాయిలు 55 అడుగుల తెరచాప పడవలో 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి, ప్రపంచమంతా చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. అందులో ఇద్దరు మన తెలుగమ్మాయిలే, విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను జనవరిలో దాటారు. అక్కడి నీళ్ళు మన ఫ్రిజ్ నీళ్ళంత చల్లగా ఉంటాయి.

అలాంటి సముద్రంలో పడవ మీద తిరిగేవాళ్ళు డెక్ మీదికి వస్తే ఒంటికి పట్టీలు బిగించుకుంటారు. ఆ పట్టీలకు తాడు, తాడు చివర కొక్కెం, ఆ కొక్కెం పడవకు. తారిణి కేప్ హార్న్ దాటిన రెండు నెలలకు, 2018 మార్చి 26న, ప్రపంచాన్ని చుట్టే ఇంకో పందెంలో జాన్ ఫిషర్ అనే నావికుడు అదే దక్షిణ సముద్రంలో పడిపోయాడు. ఏదో తాడు సర్దాలని తన కొక్కెం విప్పుకుని ముందుకు కదిలిన సమయంలోనే జరిగింది. అనుభవం లేనివాడు కాదు. మనిషి మళ్ళీ దొరకలేదు.

అది విన్నప్పుడు నా వెంకటగిరి చీర గుర్తొచ్చింది. పాప ఏమీ అనలేదు, నా వైపు చూసింది, అంతే.

బతికినవాళ్ళూ ఉన్నారు. 2014లో పసిఫిక్ మహాసముద్రంలో, క్లిప్పర్ పందెంలో, ఆండ్రూ టేలర్ అనే ఆయన పడవ మీంచి జారిపడ్డాడు. కాలికి దెబ్బ, పైన తుఫాను. గంటన్నర తర్వాత తోటివాళ్ళు వెతికి పైకి లాగారు. నీళ్ళు లోపలికి రాని సూటు, లైఫ్ జాకెట్ వేసుకుని ఉన్నాడు. అవి లేకపోతే అంతసేపు ఆగేవాడు కాడు.

చన్నీళ్ళలో పడ్డవాళ్ళు చలికి గడ్డకట్టి పోతారని అనుకునేదాన్ని. అది చాలా తర్వాత సంగతి. ధనుర్మాసంలో తెల్లవారుజామున రాత్రంతా బయట పెట్టిన బకెట్లోంచి మొదటి చెంబు నెత్తిన పోసుకున్నప్పుడు ఏమవుతుంది? "హా" అని గుక్క పట్టేస్తుంది కదా, మనం ఆపుకోలేం. నీళ్ళలో తల మునిగి ఉన్నప్పుడు ఆ గుక్క పడితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకే పోతాయి. కెనడాలో గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ దీన్ని 1-10-1 అని గుర్తుపెట్టుకోమంటారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులూ కాళ్ళూ మాట వినేది సుమారు 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అంటే చాలామంది ఆ మొదటి నిమిషంలోనే, ఒడ్డుకు పోవాలని కొట్టుకుని, అరిచి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. వెల్లకిలా తేలాలి, చెవులు మునిగినా పర్వాలేదు, ముక్కూ నోరూ పైకి ఉంటే చాలు. ఊపిరి నిలకడయ్యాకే కేక వేయడమైనా, ఈదడమైనా. జాకెట్ ఉంటే మోకాళ్ళు ఛాతీకి ముడుచుకుని వేడి కాపాడుకోవాలి.

పడవలో మిగిలినవాళ్ళలో ఒకరు పడినవాళ్ళ వైపే చెయ్యి చూపిస్తూ కన్ను తిప్పకుండా ఉండాలట. అలల్లో తల క్షణంలో మాయమైపోతుంది. గరుడ సేవ రోజు మాడ వీధుల్లో పిల్లల చెయ్యి జారితే మనం ఎలా చూస్తామో అలా చూడాలి. పైకి లాగాక తడి బట్టలు తీసి, పడుకోబెట్టి కప్పాలి. కాళ్ళూ చేతులూ రుద్దకూడదు, లేపి నడిపించకూడదు. మనవాళ్ళు మొదట చేసేది ఆ రెండే!

"తిరుపతిలో ఉండేవాళ్ళకి మంచు సముద్రం గోలెందుకు" అంది మా అత్త. న్యాయమైన ప్రశ్నే. నాకు మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చింది. పాకాల దగ్గర వాళ్ళ ఊళ్ళో కపిల బావి ఉండేది. అన్నలు ముగ్గురూ నడుముకు ఎండు సొరబుర్రలు కట్టుకుని అందులోనే ఈత నేర్చారు. అక్కను గట్టు మీదే ఉంచేవాళ్ళు, వాళ్ళ చొక్కాలకు కాపలా. ఒకరోజు కడవ ముంచబోయి కాలు జారింది. చలికాలంలో బావి నీళ్ళు గోరువెచ్చగానే ఉంటాయి, అయినా భయానికి గుక్క పట్టేసి "అమ్మా" అనే మాట కూడా రాలేదట. మోటారు పైపు చేతికి తగిలింది కాబట్టి బతికింది. ఆ తర్వాత ఇంట్లో ఏం చేశారనుకున్నారు? ఈత నేర్పలేదు. ఆడపిల్లలు బావి దగ్గరికే పోకూడదన్నారు. అన్నలు మాత్రం మరుసటి రోజు మళ్ళీ దూకారు. అక్కకిప్పుడు యాభై దాటాయి, పుష్కరాల్లో కూడా మోకాళ్ళ లోతు దాటి దిగదు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆడపిల్లకు నీళ్ళంటే భయం పెట్టి, దాన్నే జాగ్రత్త అనుకుంటున్నాం. స్వాతి, ఐశ్వర్యలకు భయం లేదని నేననను, కొక్కెం తగిలించుకునేది భయం ఉండబట్టే. వాళ్ళకు దాంతో పాటు పని కూడా నేర్పారు. మనం "నల్లబడతావు", "ఆ బట్టలేంటి", "నెలసరి వస్తే ఎట్లా" అని ఆపేస్తాం. అదే పిల్లను తలకోన తీసుకెళ్ళి, జలపాతం దగ్గర జారే బండ మీద నిలబెట్టి ఫోటో తీస్తాం.

ఏప్రిల్ నుంచి పాప ఈతకు పోతోంది. మొదటి వారమంతా తేలడమే నేర్పమని కోచ్‌ను అడిగాను, ఆవిడ నవ్వి సరేనంది. ఆడవాళ్ళ బ్యాచ్ ఉదయం ఆరున్నరకు. మూడో రోజు నుంచి నేనూ దిగుతున్నాను, 43 ఏళ్ళకు. ఇంకా గట్టు వదల్లేదు. అత్త ఆ టైముకి కుక్కర్ తను పెడతానంది, ఎందుకో అడగలేదు. వచ్చే జనవరికి మళ్ళీ పులికాట్ పోదామంటే పాప ఒక షరతు పెట్టింది, నా బకిల్ అదే పెడుతుందట.