మామూలు ఎవరి ఖాతాలో?

కొలకలూరు (తెనాలి): సార్వా వరి కోసి, నూర్చి, బస్తాలకు ఎత్తిన తరువాత రైతుకు మిగిలే పని మూడు మెట్లు: తేమ పరీక్ష, కాటా, చీటీ. ఆ పైన వర్తకునికి లారీ, గోదాము, బిల్లు. ఈ దారిలో ఎక్కడో ఒకచోట ‘మామూలు’ అన్న మాట వినపడక తప్పదని మార్కెట్‌ వర్గాలలో ఒక నమ్మకం పాతుకుపోయింది. లంచానికి ఆ పేరు రావడమే జాడ్యానికి మూలం. మామూలు అన్నాక ఇక తప్పెక్కడిది?

లంచం మనిషి దుర్గుణం వల్లనే పుడుతుందనుకోవడం పొరపాటు. అది ఆలస్యంలో పుడుతుంది. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు. 17కూ 18కీ తేడా కంటికి ఆనదు. మీటరు చదివిన మనిషి మాటే తీర్పు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్‌ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు డెల్టాలో కల్లాల మీది ధాన్యం తడిసింది. అటువంటి వేళ రైతు రేపటి దాకా ఆగలేడు. తీర్పు ఒక్కని చేతిలో, సరుకు ఆగలేని స్థితిలో, రాతపూర్వక కారణం ఎక్కడా లేకుండా వుంటే, అక్కడ చెయ్యి చాచడానికి ధైర్యం అక్కరలేదు. పని త్వరగా జరగడానికి ఇచ్చే సొమ్మే అవినీతికి పెద్ద ఊట అని సంతానం కమిటీ 1964లోనే గుర్తించింది.

‘ఇచ్చి పారేస్తే పోలా’ అనే వర్తకుడు ఒక లెక్క చూసుకోవాలి. పది టన్నుల లారీలో 75 కిలోల బస్తాలు సుమారు 133 పడతాయి. లారీకి 400 రూపాయలు మామూలు పోతే బస్తాకు 3 రూపాయలు. ఆ మూడు రూపాయలు వర్తకుడు భరించడు, మిల్లరు భరించడు. ధరలో కోతగా కొలకలూరు రైతు మీదకే వస్తాయి. ఇవ్వనన్న వర్తకుడు అదే ధరకు కొంటే లారీ ఆగి నష్టపోతాడు. పోటీ సరుకు నాణ్యత మీద కాక చేతివాటం మీద సాగుతుంది.

దీనికి మందు లేకపోలేదు. 2017 జూలైలో జి.ఎస్‌.టి. వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు. తరువాత ఈ-వే బిల్లు వచ్చింది. మనుషులు మారలేదు, లారీ ఆగి పడిగాపులు పడే చోటు పోయింది. మామూళ్లన్నీ పోయాయని కాదు గాని, అడిగే చోటు ఒకటి తగ్గింది. ఉపదేశాల కంటే పద్ధతి మార్పే ఎక్కువ పని చేస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు.

అయితే వేలు ఆఫీసుల వైపు చూపితే చాలదు. సొంత కొట్టులో కాటా మనిషి తూకంలో చూపే దయకు, గుమస్తా ఒక బ్రోకరు సరుకే ముందు దింపడానికి, ముట్టేది ఏమిటి? అదీ లంచమే. నమూనా తీసేవాడు, తూచేవాడు, సొమ్ము చెల్లించేవాడు ముగ్గురూ వేరుగా వుండాలి. తేమ అంకె, వేళ చీటీ మీద పడాలి. సరుకు తిరస్కరిస్తే కారణం రాయాలి. గుమస్తా జీతం బతకడానికి చాలేదిగా వుండాలి.

చట్టం సంగతి తెలియని వర్తకులు ఇంకా వున్నారు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించిన తరువాత ప్రభుత్వోద్యోగికి లంచం ఇచ్చినవారికీ ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. బలవంతాన ఇచ్చినవారు ఏడు రోజుల లోపల పోలీసులకో, దర్యాప్తు సంస్థకో తెలిపితే రక్షణ వుంది. గుమస్తా సంస్థ ప్రయోజనం కోసం ఇచ్చినా సంస్థకు జరిమానా తప్పకపోవచ్చు. ఆ సొమ్మును ‘ఇతర ఖర్చులు’ అని రాసినా ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు. ఎ.సి.బి. ఫోను నంబరు 1064.

ఒంటరి వర్తకుడు కాదంటే లారీ ఆగుతుంది. సంఘమంతా ఒకే మాట మీద నిలిచి, ప్రతి ఆలస్యాన్నీ తేదీతో, వేళతో ఒక పుస్తకంలో రాసి, నెల తిరిగేసరికి పై అధికారి ముందు పెడితే, ఆపే చేతికి జంకు పుడుతుంది. చిట్టాలో రాయడానికి సిగ్గుపడే ఖర్చు ఏదైనా సరే, అది వ్యాపారం ఖర్చు కాదు.