గడువు తీరే కొలువులు, గడువు లేని వ్యాధులు

2003 జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపు లక్షణాలతో ఆస్పత్రుల పాలయ్యారు. వారిలో 183 మంది దక్కలేదు. ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, ఆ వెంటనే వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం, ఒకటి రెండు రోజుల్లోనే మరణం. వైద్యులకు ఆలోచించే వ్యవధి కూడా ఇవ్వని జబ్బు అది. తొలుత అందరి అనుమానం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదే. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు నమూనాలను పరీక్షించి, దోషి చాందీపురా వైరస్ అని తేల్చారు. తేల్చగలగడానికి కారణం ఉంది. 1965లో మహారాష్ట్రలోని చాందీపుర గ్రామంలో జ్వరపీడితుల రక్తం నుంచి ఆ వైరస్‌ను తొలిసారి వేరుచేసింది ఆ సంస్థ పరిశోధకులే. దాని గుణాలను నమోదు చేసి, నమూనాను భద్రపరిచి, ఆ విద్యను తర్వాతి తరానికి అప్పగించారు. దాదాపు నాలుగు దశాబ్దాలు ఎవరికీ అక్కర పడని ఆ జ్ఞానమే, అక్కర పడిన రోజున జబ్బుకు పేరు పెట్టింది.

పేరైతే తెలిసింది. మందు మాత్రం ఇప్పటికీ రాలేదు. 2003 తర్వాత కూడా ఉత్తర తెలంగాణ పిల్లల్లో ఈ వైరస్ కనిపిస్తూనే ఉందని అదే సంస్థ అధ్యయనాలు చెప్పాయి. 2024లో అది గుజరాత్‌ను కేంద్రంగా చేసుకుని విజృంభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించిన లెక్కల ప్రకారం, ఆ ఏడాది జూన్ ఆరంభం నుంచి ఆగస్టు 15 మధ్య దేశంలో 245 మెదడువాపు కేసులు నమోదై 82 మంది చనిపోయారు. 64 కేసుల్లో చాందీపురా వైరస్ నిర్ధారణ అయింది. అప్పటికీ చేతిలో టీకా లేదు, ఈ వైరస్‌కంటూ ప్రత్యేకమైన ఔషధం లేదు. అప్పుడూ ఇప్పుడూ చేయగలిగింది లక్షణాలకు చికిత్స, గోడల మీద పురుగుమందు పిచికారీ. మనకు మేధ లేక ఈ దుస్థితి రాలేదు. వ్యాధి వచ్చినప్పుడు పరిశోధకులను పిలిచి, తగ్గగానే పంపించే పద్ధతిని మనం విధానంగా చేసుకున్నాం. అంటువ్యాధులపై, ప్రజారోగ్యంపై పరిశోధన చేసేవారికి నియామకం నుంచి పదవీ విరమణ దాకా సాగే శాశ్వత కొలువులు కల్పించాలి. ఇది పరిశోధకుల సంక్షేమం కోసం అడుగుతున్న కోరిక కాదు, పిల్లల ప్రాణాల కోసం అడుగుతున్నది.

ఈ పని స్వభావం తెలిస్తే ఈ డిమాండ్ ఎందుకో అర్థమవుతుంది. చాందీపురా వైరస్‌ను మోసుకొచ్చే శాండ్‌ఫ్లై దోమకంటే చిన్నది. మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో, తడి నేలలో బతుకుతుంది. కీటక శాస్త్రవేత్త చీకటి వేళ టార్చ్‌లైటు, పీల్చే గొట్టం పట్టుకుని ఇంటింటికీ, కొట్టం కొట్టానికీ తిరగాలి. పట్టిన ఈగలను ఆడ, మగ వేరు చేయాలి. తల భాగాన్ని, పొట్టలోని సూక్ష్మ అవయవాలను స్లైడు మీద అమర్చి మైక్రోస్కోపులో చూసి, ఏ జాతిదో నిర్ణయించాలి. ఏ జాతి మనిషిని కుడుతుంది, ఏది పశువుతో సరిపెట్టుకుంటుంది, ఏ నెలలో పెరుగుతుంది, ఏ మందుకు లొంగడం మానేసింది అన్నది ఊరూరా, ఏటేటా రాసుకుంటూ పోవాలి. పుస్తకం చదివితే ఈ నేర్పు రాదు. తెలిసినవారి పక్కన కూర్చుని వందల స్లైడ్లు చూస్తేనే కన్ను కుదురుతుంది. రోగుల ఇళ్లకు వెళ్లి జబ్బు ఎక్కడ మొదలైందో ఆరా తీసే ఎపిడెమియాలజిస్టుకైనా, నమూనాల్లో వైరస్‌ను వెతికే మైక్రోబయాలజిస్టుకైనా ఇంతే. ఆశా కార్యకర్త పరిశోధకుడిని నమ్మి జబ్బు కబురు చెప్పాలంటే ఆ మనిషి నాలుగు వానాకాలాలైనా ఆ జిల్లాలో కనబడి ఉండాలి.

మరి ఈ మనుషులను మనం ఏ షరతులతో నియమిస్తున్నాం? పరిశోధన సంస్థలు, వైద్య కళాశాలలు వెలువరించే ఏ ప్రకటన చూసినా ఒకే మాట ఉంటుంది. కొలువు పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతోపాటే ముగుస్తుంది, రెగ్యులర్ నియామకానికి ఎలాంటి హక్కూ ఉండదు. ప్రాజెక్టు ఆయుష్షు సాధారణంగా మూడేళ్లు. మొదటి ఏడాది పరికరాల కొనుగోలుకు, అనుమతులకు పోతుంది. చివరి ఏడాది తర్వాతి కొలువు వెతుక్కోవడంలో పోతుంది. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి కేంద్రం నిర్ణయించిన నెల భృతి 37 వేల రూపాయలు. అది కూడా నెలనెలా చేతికి అందడం లేదని పరిశోధక విద్యార్థులు దేశవ్యాప్తంగా పలుమార్లు రోడ్డెక్కారు. జిల్లాల్లో వ్యాధులపై నిఘా కోసం 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమంలోనూ, వైద్య కళాశాలల్లోని వైరస్ పరిశోధన, నిర్ధారణ ల్యాబుల్లోనూ నిపుణులు ఎక్కువగా కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. 2020లో కోవిడ్ నమూనాలను పుణెకు పంపి ఫలితం కోసం ఎదురుచూసే అవస్థను తప్పించింది గాంధీ ఆస్పత్రి, తిరుపతి స్విమ్స్ వంటి చోట్ల ఉన్న ఈ ల్యాబులే. మహమ్మారి నెమ్మదించాక తాత్కాలికంగా తీసుకున్నవారిలో చాలామందిని ఇళ్లకు పంపించారు. నాట్లకు కూలీలను పిలిచినట్టు పరిశోధకులను పిలిస్తే, పంట గురించి తెలిసినవారెవరూ పొలంలో మిగలరు.

పరిశోధకులను ఇలా చూడటం ఈనాటి జబ్బు కూడా కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ప్రపంచ వైద్య చరిత్రను మలుపు తిప్పిన ఆ పరిశోధన ఇంకా సగంలో ఉండగానే, వలస ప్రభుత్వం ఆయన్ను మలేరియా రోగులు దొరకని రాజపుతానాలోని ఖెర్వారాకు బదిలీ చేసింది. మిగిలిన సగం పూర్తిచేయడానికి ఆయన 1898లో కలకత్తా చేరేదాకా ఆగాల్సి వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు మద్రాసు వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకుని, చివరకు అమెరికా వెళ్లారు. అక్కడ లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం 1947లో వెలువరించిన డైఇథైల్ కార్బమజిన్ మాత్రనే బోదకాలు నివారణ కార్యక్రమంలో మన ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తెచ్చి మింగించారు. కలకత్తాలో శంభునాథ్ డే 1959లో కలరా విషపదార్థాన్ని కనిపెడితే, నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఆ బహుమతికి ప్రతిపాదించారు. స్వదేశంలో మాత్రం 1985లో కన్నుమూసేదాకా ఏ జాతీయ విజ్ఞాన అకాడమీ ఆయనకు ఫెలోషిప్ ఇవ్వలేదు. పాలకులు మారారు, స్వాతంత్ర్యం వచ్చింది. పరిశోధకుడిని సర్దుబాటు చేయాల్సిన సిబ్బందిగా చూసే ధోరణి మారలేదు.

నిలబెట్టినచోట ఫలితం ఎలా వచ్చిందో చెప్పే ఉదాహరణలూ మన ముందున్నాయి. 1956లో మద్రాసులో క్షయ చికిత్సపై పరిశోధన కేంద్రం మొదలైంది. క్షయ రోగిని శానటోరియంలో పెట్టాల్సిన పనిలేదని, ఇంటి దగ్గర మందులు వాడినా అంతే బాగా నయమవుతుందని, దానివల్ల ఇంట్లోవారికి ముప్పు పెరగదని ఆ కేంద్రం 1959 నాటికే నిరూపించింది. క్షయ చికిత్స స్వరూపం ప్రపంచమంతటా మారిపోయింది. ఐదేళ్ల కోసం పెట్టిన ఆ కేంద్రాన్ని గడువు తీరాక మూసేయకుండా భారతీయ వైద్య పరిశోధన మండలి శాశ్వత సంస్థగా చేసింది. ఇప్పుడది చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. రోటావైరస్ టీకా కథ ఇంకా దగ్గరిది. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో వైరస్ సోకినా విరేచనాలు రాని నవజాత శిశువులను మహరాజ్ కిషన్ భాన్ బృందం గమనించింది. ఆ వైరస్ రకమే తర్వాత హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేతుల్లో రోటావాక్ టీకా అయింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి వచ్చినప్పుడు తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గమనింపు నుంచి ప్రభుత్వ ఆస్పత్రిలో శిశువు నోట్లో చుక్క పడేదాకా పట్టిన కాలం సుమారు 30 ఏళ్లు. భాన్ మూడేళ్ల ప్రాజెక్టు మీద బతికే ఉద్యోగి అయి ఉంటే ఆ గమనింపు ఏదో పత్రికలో వ్యాసంగా మిగిలిపోయేది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వైద్యులు లేరు, మందులు చాలడం లేదు, ఇలాంటప్పుడు పరిశోధకులకు శాశ్వత కొలువులా అన్నది మొదటి అభ్యంతరం. కొరత నిజమే. కానీ కొరత ఉన్న దేశానికే పరిశోధన ఎక్కువ అవసరం. క్షయకు ఇంటి చికిత్స సరిపోతుందని తేలడం వల్ల శానటోరియం పడకల మీద పెట్టాల్సిన ఎంత సొమ్ము మిగిలిందో ఊహించుకోవచ్చు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో సెలైన్ అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో కలరా మరణాలను గణనీయంగా తగ్గించి చూపించారు. పేదవాడికి అందుబాటులో ఉండే వైద్యాన్ని కనిపెట్టేది పరిశోధనే. ఇక డబ్బు మాటకొస్తే, 2020-21 లెక్కల ప్రకారం అన్ని రంగాల్లో కలిపి పరిశోధన, అభివృద్ధి మీద మన దేశం పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. చైనాలో అది 2 శాతం, దక్షిణ కొరియాలో 4 శాతం పైమాటే. ఒక్కో తెలుగు రాష్ట్రానికి కావలసిన అంటువ్యాధి పరిశోధకులు కొన్ని వందల మంది. వారి జీతాలతో కుంగిపోయేంత బలహీనమైన ఖజానా మన రెండు రాష్ట్రాలదీ కాదు.

ఉద్యోగం పర్మనెంట్ అయితే పని మానేస్తారన్నది రెండో అభ్యంతరం. ప్రభుత్వ కార్యాలయాల తీరు చూసినవారు అలా అనుకోవడంలో తప్పు లేదు. అయితే పని మానేసేవారిని వదిలించుకోవడానికి పని చేసేవారినందరినీ అభద్రతలో ఉంచడం పరిష్కారం కాదు. ఐదేళ్లకోసారి బయటి నిపుణులతో పరిశోధకుల పనిని మదింపు చేయించి, పదోన్నతిని, జీతం పెరుగుదలను దానికి ముడిపెట్టవచ్చు. పనికి రానివారిని సాగనంపే నిబంధనా పెట్టవచ్చు. ఆ మదింపులో అచ్చయిన వ్యాసాల లెక్కతోపాటు జిల్లాలో ఎన్ని వ్యాధుల జాడ ముందే పట్టుకున్నారు, ఎందరికి విద్య నేర్పారు అన్నదీ చూడాలి. నిజానికి, బాగా పనిచేసేవారిని నిరుత్సాహపరుస్తున్నది ఇప్పటి కాంట్రాక్టు పద్ధతే. చేవ ఉన్నవారు ఫార్మా కంపెనీల్లోకో, విదేశాలకో వెళుతున్నారు. వెళ్లలేనివారు గ్రూప్స్ కోచింగ్‌లో చేరుతున్నారు. ఎంబీబీఎస్ తర్వాత ఈ దారి పట్టాలనుకునే యువవైద్యులు, క్లినికల్ పీజీ చేసిన సహాధ్యాయులతో తమ బతుకును పోల్చి చూసుకుని వెనక్కి తగ్గుతున్నారు.

ప్రపంచానికి టీకాలు పంపే హైదరాబాద్ మన దగ్గరే ఉండగా ప్రభుత్వానికెందుకు ఈ శ్రమ అన్నది మూడో అభ్యంతరం. మన టీకా కంపెనీల సామర్థ్యం గర్వకారణమే. కానీ కంపెనీ మార్కెట్‌ను చూస్తుంది, చూడాలి కూడా. ఏళ్ల తరబడి కనిపించకుండా ఉండి, ఒక్కసారిగా మట్టి ఇళ్ల పిల్లల మీద పడే జబ్బుకు మార్కెట్ ఎక్కడుంటుంది? చాందీపురా మనుషుల్లో ఇలా విరుచుకుపడుతున్నది మన దేశంలోనే కాబట్టి బయటి దేశాలు మన కోసం టీకా చేసిపెట్టవు. రోటావాక్‌లోనూ మొదటి అడుగు ప్రభుత్వ ఆస్పత్రిలో, ప్రభుత్వ జీతం తీసుకునే పరిశోధకులదే. పునాది పని ప్రభుత్వం చేసిన తర్వాతే కంపెనీ కట్టడం కట్టగలిగింది. ఆ పునాది వేసేవారు లేకుంటే హైదరాబాద్ టీకా కంపెనీల నెలవైన జినోమ్ వ్యాలీ కూడా ఇతరుల ఆవిష్కరణలను సీసాల్లో నింపే చోటుగా మిగిలిపోతుంది.

చేయాల్సింది స్పష్టంగా ఉంది. ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. కేంద్రం 2022లో మార్గదర్శకాలూ ఇచ్చింది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టాన్ని వారసత్వంగా అందుకున్న తమిళనాడు ప్రజారోగ్యానికి ప్రత్యేక డైరెక్టరేట్‌ను, ప్రత్యేక కేడర్‌ను నిలబెట్టుకుని ఫలితం పొందుతోంది. కోస్తా, రాయలసీమలకూ వారసత్వంగా వచ్చిన చట్టమే అది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఎపిడెమియాలజిస్టు, మైక్రోబయాలజిస్టు, కీటక శాస్త్రవేత్త పోస్టులను జిల్లాకు ఒక బృందం చొప్పున రెగ్యులర్‌గా మంజూరు చేయాలి. ఇప్పటికే ఏళ్లుగా ఆ పని చేస్తున్న కాంట్రాక్టు నిపుణులకు ఆ నియామకాల్లో తొలి అవకాశం ఇవ్వాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థను, ఆంధ్రప్రదేశ్‌లో ఒక వైద్య కళాశాలను ఈ బృందాలకు పరిశోధన కేంద్రాలుగా తీర్చిదిద్దాలి. కేంద్రం వైరస్ ల్యాబుల సిబ్బందిని ప్రాజెక్టు పద్దు నుంచి శాశ్వత పద్దులోకి మార్చాలి, పరిశోధక భృతిని ప్రతి నెలా మొదటి వారంలో చెల్లించాలి. ఇందుకు కొత్త కమిటీ అక్కర్లేదు, మరో నివేదిక అక్కర్లేదు. వచ్చే బడ్జెట్‌లో పోస్టుల సంఖ్య, వాటికి కేటాయింపు కనబడాలి. అవి కనబడకపోతే, తర్వాత మెదడువాపుతో పోయే ప్రతి బిడ్డ మరణానికీ పాలకులే జవాబు చెప్పుకోవాలి.