నాలుగో అంతస్తులో ఒకరు

బజారులో ఫైటు మొదలైతే అమ్మ చూపు హీరో మీద నిలిచేది కాదు. విలన్ మనుషులు ఎగిరి అరటిపళ్ల బండి మీద పడగానే "అయ్యో, వాడి సరుకంతా మట్టిపాలాయె" అనేది. హాలంతా ఈలలు. ఆవిడ ఒక్కతే ఆ బండివాడి పెట్టుబడి గురించి బాధపడుతుండేది. సూపర్ హీరో సినిమాకు వెళ్లినప్పుడల్లా నాకూ ఆ చూపే వస్తుంది.

2013లో వచ్చిన 'మ్యాన్ ఆఫ్ స్టీల్'లో సూపర్‌మ్యాన్, విలన్ జాడ్ తలపడుతుంటే మెట్రోపొలిస్‌లో మేడలు పేకముక్కల్లా కూలిపోతాయి. చివరికి ఒక కుటుంబాన్ని కాపాడటానికి సూపర్‌మ్యాన్ జాడ్ మెడ విరిచి గుండె పగిలేలా అరుస్తాడు. ఆ అరుపును నేను నమ్మాను. కానీ అప్పటిదాకా కూలిన మేడల్లో ఎవరున్నారో సినిమా పట్టించుకోలేదు. 2025లో జేమ్స్ గన్ తీసిన సూపర్‌మ్యాన్ మాత్రం ఒక మహాకాయ జంతువుతో పోరాడుతూ కాళ్ల కింద పడబోయిన ఉడతను కూడా తప్పిస్తాడు. వారధి దగ్గర ఉడత సాయం కథ వింటూ పెరిగిన మనకు, ఉడతకు సాయపడినవాడు పరాయివాడిలా అనిపించడు.

అయితే నా లెక్కలో అసలైన వీరుడు 2004 నాటి 'స్పైడర్‌మ్యాన్ 2'లో ఉన్నాడు. అద్దె బాకీ, పోయిన పిజ్జా ఉద్యోగం, నీరుగారిపోతున్న శక్తులు. విసిగిపోయి పీటర్ పార్కర్ తన స్పైడర్‌మ్యాన్ దుస్తులు చెత్తడబ్బాలో పడేస్తాడు. ఒకరోజు దారిలో ఇల్లు తగలబడుతుంటుంది, లోపల పాప ఉందంటారు. గోడలెక్కే వేళ్లు లేవు, సాలెదారం లేదు. అయినా మంటల్లోకి దూకుతాడు. కాళ్ల కింద నేల విరిగి జారిపోతుంటే ఆ పాపే చెయ్యందిస్తుంది. దర్శకుడు శామ్ రైమి ఎంత గొప్పగా ఆలోచించాడో! కాపాడటానికి వచ్చినవాడిని పసిచెయ్యి పైకి లాగుతుంది.

పాపను అమ్మానాన్నలకు అప్పగించి దగ్గుతూ నిలబడతాడు. అప్పుడు చెవిన పడుతుంది: నాలుగో అంతస్తులో ఇంకొకరు చిక్కుకుపోయారని, బయటికి రాలేకపోయారని. ఆ మాట విన్నప్పుడు పీటర్‌గా నటించిన టోబీ మెగ్వైర్ ముఖం నేను మరిచిపోలేను. చేతనైనంత చేశాను కదా అనుకునే హక్కు అతనికుంది. ఆ పాపను చూపించి తనను తాను క్షమించుకోవచ్చు. క్షమించుకోడు. ముఖం కూడా చూడని ఆ మనిషి బరువు మోసుకుంటూ ఇంటికి పోతాడు. కండబలం కంటే ఆ బరువు మోయగలగడమే నాకు పెద్దగా కనిపిస్తుంది.

తర్వాత రైలు సన్నివేశం అందరికీ తెలిసిందే. శక్తులు తిరిగొచ్చి, బండిని ఆపి స్పృహ తప్పిన పీటర్‌ను ప్రయాణికులు చేతుల మీద లోపలికి మోసుకెళ్తారు. ముసుగులేని ముఖం చూస్తే ఇంకా కుర్రాడే. విలన్ డాక్టర్ ఆక్టోపస్ వస్తే అతనికి అడ్డం నిలబడతారు, ఒక్క విసురుకు పక్కకు పడిపోతారు. ఆ పడిపోయినవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

2024 సంక్రాంతికి 'హనుమాన్' వచ్చాక తెలుగు తెర మీద సూపర్ హీరోలకు దారి తెరుచుకుంది. రాబోయే దర్శకులను ఒక్క షాట్ అడుగుతున్నాను. ఫైటయ్యాక హీరో వెనక్కి వచ్చి, ఆ అరటిపళ్ల బండిని లేపి నిలబెట్టాలి. చూడటానికి అమ్మ లేదు. ఈల నేను వేస్తాను.